మార్‌థార్ప్ అడ్డదారి

మార్‌థార్ప్, లింకన్‌షైర్
1952 జనవరి 14

తమ్ముడు సిరిల్‌కు,

నీ క్రిస్మస్ కార్డు అందింది. ఈసారీ ఆ గొర్రెల బొమ్మే. ఒకేసారి నాలుగు డజన్లు కొని పెట్టుకున్నావని నా అనుమానం.

ఇక్కడి విశేషం చెబుతాను, నవ్వకు. మన ఊరి చరిత్ర రాస్తున్నాను. దానికి ఒక కమిటీ కూడా వేశారు, ఏడుగురు సభ్యులు. ఊళ్ళో ఉన్నదే నలభై ముగ్గురం. అంటే ఊళ్ళో ఆరోవంతు మంది కమిటీలోనే ఉన్నారు. మిగిలినవాళ్ళలో సగం మందికి చదవడానికి కళ్ళద్దాలు లేవు. అధ్యక్షుడు మేజర్ గ్యాస్కిన్. మూడేళ్ళ కిందట బంగళా కొన్నాడే, డబ్బా చేపల వ్యాపారి, ఆయనే. యుద్ధంలో ఆయన కాపాడినది ఒక సరుకుల గోదాము అని విన్నాను. అచ్చుకి కాగితం ఆయనే ఇస్తాడట. తను పెంచే, నెమళ్ళకు చుట్టాల్లాంటి ఆ వేటపిట్టల్ని గురించి ఒక అధ్యాయం ఉంటే బాగుంటుందన్నాడు.

మొదటి అధ్యాయం అయిపోయింది, దీనితో పంపుతున్నాను. సుద్దకొండ కింద ఊట పుట్టిన చోట ఊరు పుట్టింది. ఏడువందల ఏళ్ళు చర్చి చుట్టూ బతికింది. 1774లో అప్పటి బంగళా యజమాని, టెంపర్లీ దొరల ముత్తాత, పొద్దున్నే కిటికీ తెరిస్తే మనవాళ్ళ పొగగొట్టాలు కనబడుతున్నాయని, ఊరంతటినీ ఎత్తి అరమైలు అవతల పల్లంలో పెట్టించాడు. చర్చిని మాత్రం ఎత్తలేకపోయాడు. అందుకే ఈనాటికీ దేవుడు బంగళా పచ్చికలో, మనం బురదలో. ఇదంతా మేజర్‌కి చదివి వినిపిస్తే, "ఎంత చక్కని దృశ్యం చూసుకున్నాడో!" అన్నాడు.

అసలు గొడవ ఇప్పుడు వచ్చింది. జనం నడిచే దారులన్నీ ఎర్ర పెన్సిల్‌తో గీసి పంపమని జిల్లా ఆఫీసు ప్రతి ఊరికీ ఒక మ్యాపు పంపింది. కొత్త చట్టమట. బంగళా పచ్చికలోంచి చర్చికి వెళ్ళే దారి నేను గీయబోతే మేజర్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"అది దారి కాదు, మిస్ డౌస్. దయ. పాత దొరలు ఆదివారాలు గేటు తీసి ఉంచేవారు, అంతే."

1887 నాటి మ్యాపు కూడా తెచ్చి చూపించాడు. అందులో ఆ దారి లేదు. ఆ దారి పోతే మనకు మిగిలేది వాగు రోడ్డు. రెండు మైళ్ళ పైన. చలికాలం మోకాళ్ళ లోతు నీళ్ళు.

అందుకని నాన్న నీకు పంపించిన తాతయ్య రేకుపెట్టె కావాలి. 1868లో టెంపర్లీ దొరని ఎదిరించి ఊరికి చేతిపంపూ, దాని చుట్టూ పచ్చికా సంపాదించి పెట్టినవాడు మన తాతయ్య. ఆయన ధైర్యానికి మెచ్చి దొర మన ఇల్లు రాసిచ్చాడు. పంపు పక్క బెంచీ మీద ఆయన పేరు చెక్కి ఉంది, పావురాలు రోజూ గౌరవిస్తూనే ఉంటాయి. అంతటివాడు చర్చి దారి గురించి ఒక్క ముక్కయినా రాసి ఉండడా?

పెట్టె త్వరగా పంపు.

నీ అక్క
హిల్డా


ఎగ్జెటర్
1952 ఫిబ్రవరి 20

అక్కకు,

ఉత్తరం ఆలస్యమైనందుకు క్షమించు. రాజుగారు చనిపోయిన వారం ఇక్కడ ఆఫీసులన్నీ మూసేశారు. నేను రిటైరై రెండేళ్ళయినా, ఆఫీసుతో పాటు నేనూ మూతబడ్డాను. బాంబులు పడిన వీధిలో కొత్త దుకాణాలు కడుతున్నారు. రోజూ వెళ్ళి నిలబడి చూస్తాను. ఇటుక పేర్చేవాళ్ళకి సలహాలు కూడా ఇస్తాను, వాళ్ళు వినరు.

నీ మొదటి అధ్యాయం బాగుంది. "బురద" అన్న మాట మూడుసార్లు వచ్చింది, ఒకటి తీసెయ్యవచ్చు.

పెట్టె సంగతి. అది అటక మీద ఉండేది. ఎలుకలు చాలావరకు పాడుచేశాయి. మిగిలినవి విత్తనాల రసీదులు, ఒక గుర్రానికి వేసిన మందు వివరం. నీకు పనికొచ్చేదేమీ లేదు.

ఒక వకీలు దగ్గర నలభై ఏళ్ళు గుమాస్తాగా చేసినవాడిగా చిన్న సలహా. ఊరి చరిత్రలో మన సొంత తాతని గురించి ఎక్కువ రాస్తే జనం ఏమనుకుంటారు? రెండు వాక్యాలు చాలు. వీలైతే ఒకటి.

సిరిల్


మార్‌థార్ప్
1952 మార్చి 24

సిరిల్‌కు,

తాతయ్యకి ఒక్క వాక్యమా? మేజర్ పిట్టలకు నాలుగు పేజీలు పోయాయి ఇప్పటికే. ఎలుకలు తినగా మిగిలిన ముక్కలైనా పంపు. చరిత్రకారులకు ముక్కలే ఇష్టం.

పోయిన ఆదివారం గేటుకు తాళం పడింది. మొదట చూసింది డోర్కస్ క్యూపిట్. డెబ్భై తొమ్మిదేళ్ళు వచ్చినా ప్రతి ఆదివారం మొగుడి సమాధి దగ్గర కాసేపు కూర్చుని వస్తుంది. నేను వెనకే వెళ్తున్నాను కనుక అంతా విన్నాను. గేటు దగ్గర మేజర్ కాపలావాడు తుపాకీ భుజాన వేసుకుని నిలబడ్డాడు.

"గేటుకి తాళం ఉందమ్మా."

"తాళం నాకూ కనబడుతోంది నాయనా. తాళంచెవి ఏదీ?"

"బంగళాలో ఉందమ్మా."

"అయితే పోయి పట్రా. మా ఆయన ఎదురుచూస్తుంటాడు."

"మీ ఆయన పోయి పదేళ్ళయిందిగా?"

"అందుకేగా, లేచి ఆయన రాలేడు. నేనే వెళ్ళాలి."

వాడు ఎర్రబడ్డాడు కానీ తాళం తియ్యలేదు. ఆవిడ అక్కడే అరగంట నిలబడి, పువ్వుల్ని గేటు ఊచల్లో దూర్చి వెనక్కి వచ్చింది.

సోమవారం నేను మేజర్ దగ్గరికి వెళ్ళాను. ఎంత మర్యాదగా టీ ఇచ్చాడో! తన రేషను వాటా చక్కెర కూడా నా కప్పులోనే వేశాడు. "మీరు చదువుకున్నవారు, మిస్ డౌస్. ఇవాళ దారి అంటారు, రేపు నా పడకగదిలోంచి నడుస్తారు. హక్కు ఉందంటే చూపించండి, నేనే గేటు పీకించేస్తాను" అన్నాడు. ఆ మాట నిజంగానే అన్నాడనుకుంటాను. దుర్మార్గుడు కాడు, ఇప్పటివరకూ ఎవరూ ఆయనకు అడ్డు చెప్పలేదు, అంతే.

జూన్‌లో జిల్లా నుంచి ఒక అధికారి వచ్చి విచారణ చేస్తాడట. మన చేతిలో రాతపూర్వకంగా ఏమీ లేదు. నోవా బ్లేడ్స్ నీకు గుర్తున్నాడుగా, కమ్మరి, "మా నాన్న చెప్పేవాడు" అని సాక్ష్యం చెబుతానంటున్నాడు. ఏం చెప్పేవాడు అంటే "ఆదివారం గేటు తీసుండేది" అంటున్నాడు. అది మేజర్ వాదనే కదరా!

తాతయ్య గురించిన అధ్యాయం ఇందులో జత చేశాను. చదువు.

హిల్డా


ఎగ్జెటర్
1952 ఏప్రిల్ 9

అక్కకు,

అధ్యాయం చదివాను. వాక్యాలు చక్కగా ఉన్నాయి. అచ్చు వేయవద్దు.

పెట్టెలో ఏమీ లేదు.

సిరిల్


మార్‌థార్ప్
1952 మే 6

సిరిల్,

ఫిబ్రవరిలో విత్తనాల రసీదులు, గుర్రం మందు ఉన్నాయి. ఏప్రిల్‌కి ఏమీ లేదు. మీ ఎలుకలకు ఆకలి ఎక్కువే. పైగా నువ్వు పద్దెనిమిదేళ్ళుగా ఉంటున్నది అద్దెగదిలో, కింద మిఠాయి దుకాణం, పై గదిలో ఇంకొకళ్ళు ఉన్నారని నువ్వే రాశావు. ఆ గదికి అటక ఎక్కడిదిరా?

నలభై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పాను. లెక్క చెయ్యని పిల్లవాడు కుక్క పుస్తకం తినేసింది అంటాడు. నువ్వు కనీసం జంతువుని మార్చావు.

ఇక వేళాకోళం చాలు. డోర్కస్ పోయిన ఆదివారం ఎవరికీ చెప్పకుండా వాగు రోడ్డున బయలుదేరింది. మధ్యలో పాచిరాయి మీద జారింది. ఎడమ మణికట్టు విరిగింది. గంటన్నర నీళ్ళ పక్కనే కూర్చుంది. పాలబండి అటు రాకపోతే ఏమయ్యేదో. నేను చూడ్డానికి వెళ్తే, "పువ్వులు కొట్టుకుపోయాయి టీచరమ్మా, ఈసారికి ఆయన ఏమీ అనుకోడులే" అంది. నేను బయటికొచ్చి గోడ వైపు తిరిగి ఏడ్చాను.

నీ దగ్గర ఉన్నదేదో నాకు తెలియాలి. అది మనకి మంచిదైనా, చెడ్డదైనా. 1912లో ఒక పొద్దున నువ్వు సంచి పట్టుకుని ఊరు వదిలి వెళ్ళావు. నాన్నతో దేనికో మాటామాటా వచ్చిందన్నారు. నేను అడగలేదు. నాన్న అంత్యక్రియలకు వచ్చి, సాయంత్రం బండికే వెళ్ళిపోయావు. అప్పుడూ అడగలేదు. అడగకపోవడం నా గొప్పతనం అనుకునేదాన్ని. ఇప్పుడు అడుగుతున్నాను.

హిల్డా


ఎగ్జెటర్
1952 మే 15

అక్కా,

అటక లేదు. ఎలుకలూ లేవు. పెట్టె నా మంచం కింద ఉంది.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు, ఇంటికి సున్నం వేస్తుంటే నాన్న బీరువా వెనక ఆ పెట్టె దొరికింది. అప్పుడే గుమాస్తా పని నేర్చుకుంటున్నవాణ్ణి, దస్తావేజు కనబడితే చదవకుండా ఉండలేకపోయాను. అది దీనితో పంపుతున్నాను. అసలు కాగితం, నకలు కాదు. నువ్వు చదువుతావు కాబట్టి నేను వివరించను. మన తాతయ్య దొరని ఎదిరించలేదు, అంతవరకు చెబితే చాలు. దొర పిలిచాడు, ఈయన వెళ్ళి కూర్చున్నాడు. దొర ఇచ్చాడు, ఈయన పుచ్చుకున్నాడు.

నేను కాగితం తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టాను. ఆయన బూట్లు తుడుచుకుంటున్నాడు. తల ఎత్తకుండానే, "చదివావా?" అన్నాడు.

"ఊళ్ళో చెప్పాలి నాన్నా."

"చెప్పు. చెప్పేసి, ఈ ఇంట్లోంచి మీ అమ్మనీ, అక్కనీ చెయ్యి పట్టుకుని నువ్వే బయటికి తీసుకెళ్ళు. ఆ పంపులో నీళ్ళు తాగొద్దని పిల్లలకు చెప్పు."

"మరి మీకు సిగ్గుగా లేదా?"

"రోజూ ఉంటుంది. మంచం మీద పడుకుంటే వెచ్చగా కూడా ఉంటుంది."

ఆ మాటతో నేను బయలుదేరాను. చనిపోయే ముందు ఆయన పెట్టె నాకు పంపాడు. లోపల ఒక చీటీ, "నోరు మూసుకోగలిగినవాడివి నువ్వే" అని. నాకు జీవితంలో దొరికిన యోగ్యతాపత్రం అదొక్కటే. ఇన్నాళ్ళూ దానికి న్యాయం చేశాను.

నువ్వు ఆ ఇంట్లో ఉంటున్నావు, ఆ బెంచీ మీద కూర్చుంటున్నావు. నీకు తెలియకుండా ఉంటే మేలనుకున్నాను. ఇప్పుడు కాగితం నీది. పొయ్యిలో వేసినా నేను అడగను.

గుమాస్తాగా ఒక్క మాట. పొయ్యిలో వేసేముందు మొదటి వాక్యం రెండుసార్లు చదువు. చివర ఎవరెవరి సంతకాలు ఉన్నాయో చూడు.

సిరిల్


మార్‌థార్ప్
1952 జూన్ 21

సిరిల్‌కు,

విచారణ నిన్న జరిగింది. వరసగా చెబుతాను, లేకపోతే కోపం ముందుకొస్తుంది.

ఊళ్ళో నలభై మంది పట్టే గది లేదు. కనుక మేజర్ పెద్దమనసుతో బంగళాలో బిలియర్డ్స్ గది ఇచ్చాడు. అక్కడికి చేరాలంటే వాగు రోడ్డు చుట్టూ తిరగాలి, అధికారికి ఆలస్యమవుతుంది. కనుక ఆ ఒక్కపూటకి గేటు తీశారు. ఊరు ఊరంతా ఆ దారినే నడిచి, అసలు అక్కడ దారి ఉందా లేదా అని తేల్చడానికి వెళ్ళాం. డోర్కస్‌ని నోవా తోపుడుబండి మీద తీసుకొచ్చాడు.

అధికారి సన్నటి మనిషి, జలుబు. ముక్కు తుడుచుకోవడం, రాసుకోవడం, ఆ రెండు పనులే. మేజర్ తరఫు వకీలు లింకన్ పట్నం నుంచి వచ్చాడు. 1887 మ్యాపు పరిచి, "ఇందులో దారి ఎక్కడ?" అన్నాడు. నోవా లేచి తన తండ్రి మాట చెప్పాడు. వకీలు నోవాకి థాంక్స్ చెప్పాడు. అప్పుడే అనుకున్నాను, అయిపోయిందని.

సిరిల్, ఆ కాగితం నెలరోజులుగా నా దిండు కింద ఉంది. రెండుసార్లు పొయ్యి దాకా తీసుకెళ్ళాను. ఒకసారి పొయ్యి ఆరిపోయి ఉంది కనుక బతికింది. ఇది నా ధైర్యం గురించి నిజమైన లెక్క, నీకు తప్ప ఎవరికీ చెప్పను.

లేచి చదివాను. "మార్‌థార్ప్ ఊరివాళ్ళు తాతలనాటి నుంచి హక్కుగా నడుస్తున్న చర్చి దారిని ఇకమీదట ఎవరూ నడవకుండా చూస్తానని, ఊరిపెద్దనైన నేను, జోసయ్య డౌస్, ఒప్పుకుంటున్నాను. అందుకు ప్రతిగా పంపు పక్క ఇల్లు నాకూ నా వారసులకూ, పంపూ పచ్చికా ఊరికీ." కింద తాతయ్య సంతకం. దాని పక్కన టెంపర్లీ దొర సంతకం, ముద్ర.

మేజర్ కుక్క కూడా గోక్కోవడం ఆపింది.

వకీలు ఉత్సాహంగా లేచాడు. "చూశారా! దారి మూసేశామని వాళ్ళే రాసుకున్నారు!"

అధికారి ముక్కు తుడుచుకుని, "ముయ్యాలంటే ముందు ఉండాలి కదండీ" అన్నాడు.

"కానీ మూసేశారు కదా!"

"ఇద్దరు కూర్చుని ఊరందరి హక్కునీ మూసెయ్యలేరు. న్యాయాధికారి ఉత్తర్వు ఏదైనా ఉందా?"

వకీలు తన కాగితాలన్నీ తిరగేశాడు. లేదు.

"అయితే దారి ఉంది. మూసింది గేటు మాత్రమే" అని అధికారి ఎర్ర పెన్సిల్ అడిగాడు. ఆయన దగ్గర ఉన్నది నీలం. మేజరే లేచి వెళ్ళి ఎర్రది తెచ్చి ఇచ్చాడు. మనిషి మాట మనిషే, ఈ పొద్దున గేటు పీకించేశాడు.

ఇక నేను తలవంచుకుని బయటికొస్తే ఊరు ఊరంతా నన్ను చుట్టుముట్టింది. రాళ్ళు పడతాయనుకున్నాను. నోవా నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"మీ తాత ఎంత గడుసువాడు టీచరమ్మా! దొర చేతే 'హక్కు' అని రాయించి సంతకం పెట్టించాడు!"

"కాదు నోవా. దారి అమ్మి ఇల్లు పుచ్చుకున్నాడు."

"అమ్మినట్టు నటించాడమ్మా! ఎనభై నాలుగేళ్ళ తరవాత పనికొస్తుందని ముందే చూశాడు. ఏం బుర్ర!"

ఎంత చెప్పినా ఒక్కరూ వినలేదు. బెంచీకి కొత్త రంగు వేయడానికి సాయంత్రమే చందా మొదలుపెట్టారు.

విన్నది ఒక్క డోర్కసే. తోపుడుబండిలో కూర్చుని, అందరూ వెళ్ళేదాకా ఆగి అంది, "మీ తాత చేసింది తప్పే, హిల్డమ్మా. వారం మధ్యలో పోయినవాళ్ళని వాగులోంచే మోసుకెళ్ళేవాళ్ళు. మా మామగారిని అలాగే తీసుకెళ్ళారు. బుధవారం. పెట్టెలోకి నీళ్ళొచ్చాయి. మా అత్త చచ్చేదాకా ఆ మాటే చెప్పేది."

ఆవిడే మళ్ళీ, "ఈ చేత్తో నేను పొయ్యి రాజేసుకోలేకపోతున్నా. మీ ఇంట్లో గది ఖాళీగా ఉందా?" అంది.

నీ గదిలో ఉంది ఇప్పుడు. నా టీ నీళ్ళలా ఉందంటోంది.

హిల్డా


మార్‌థార్ప్
1952 సెప్టెంబరు 8

సిరిల్‌కు,

పుస్తకం సంగతి తేలిపోయింది. తాతయ్య అధ్యాయం ఉన్నది ఉన్నట్టు తిరగరాసి కమిటీ ముందు పెట్టాను. ఆరుగురు వద్దన్నారు, ఒకరు కావాలన్నారు. ఆ ఒకరు ఎవరనుకున్నావు? మేజర్ గ్యాస్కిన్. "నాకు నచ్చకపోయినా నిజం నిజమే కదా" అన్నాడు. తను ఓడిపోయిన సంగతి అచ్చులో పడుతుందని తెలిసే అన్నాడు. ఆ రోజు నుంచి ఆయనతో కలిసి టీ తాగడం నాకు ఇబ్బందిగా లేదు.

మిగిలిన ఆరుగురూ కలిసి, "దూరదృష్టిగల జోసయ్య డౌస్" అని తామే ఒక అధ్యాయం రాసుకున్నారు. దానికి నా పేరు వద్దన్నాను. పుస్తకం ఎవరి పేరూ లేకుండా అచ్చయింది. పిట్టల అధ్యాయం నిజంగానే బాగా వచ్చింది.

నా చరిత్ర నేను టైపు చేసుకున్నాను. ముప్ఫై ఒక్క పేజీలు. ఒకే ప్రతి. నీకు పంపుతున్నాను. చదివేవాడివి నువ్వొక్కడివే కనుక జాగ్రత్తగా చదువు. ఆఖరి పేజీల్లో నువ్వు కూడా ఉన్నావు. తప్పులుంటే దిద్ది తిరిగి ఇవ్వు. పోస్టులో పంపొద్దు, పోస్టుని నేను నమ్మను.

హిల్డా


ఎగ్జెటర్
1952 సెప్టెంబరు 17

అక్కా,

మూడుసార్లు చదివాను. "బురద" ఇంకా రెండుచోట్ల ఉంది. ఉండనీ, ఊరు కూడా అలాగే ఉంది కదా.

ఒక తప్పు మాత్రం దిద్దాలి. ఇరవై తొమ్మిదో పేజీలో, "తాత చేసిన పనికి సిగ్గుపడి సిరిల్ ఊరు వదిలాడు" అని రాశావు. నువ్వు మంచి మనసుతో రాశావు, కానీ అది నిజం కాదు. ఆ పొద్దున నాన్న నన్ను ఇంకో మాట అడిగాడు, నీకు రాసినప్పుడు దాన్ని దాచాను. బూటు కింద పెట్టి, "మీ తాతకి అప్పుడు పెళ్ళాం నిండు నెలలతో ఉంది, ఇంటికప్పు కారుతోంది. దొర తాళంచెవి ఇస్తున్నాడు. నువ్వయితే ఏం చేసేవాడివి?" అన్నాడు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ నిలబడిపోయిన కాసేపట్లో నాకు తెలిసిపోయింది, నేనూ సంతకం పెట్టేవాణ్ణేనని. నేను పారిపోయింది తాతయ్య నుంచి కాదు. దీన్ని నేను ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. నీ చరిత్రలో రాసుకో.

దిద్దిన ప్రతిని తీసుకుని శనివారం బయలుదేరుతున్నాను. రెండుసార్లు బండి మారాలి, చీకటి పడకముందే వస్తాను. స్టేషనుకి ఎవరినీ పంపకు, నడిచే వస్తాను. డోర్కస్‌ని గది ఖాళీ చెయ్యమని అడగకు. నేను వంటింట్లో పడుకుంటాను. నా రేషను వాటా టీ పొడి తెస్తున్నాను, ఆవిడకి చెప్పు.

నీ తమ్ముడు
సిరిల్